వయసైపోయిందని పని మాన్పిస్తుంటే ఏం చేయాలి? శ్రీకాకుళం, విజయనగరం కార్మికులకు సమగ్ర మార్గదర్శి

యాభై దాటిన మనిషిని బయటికి పంపాలనుకున్న యాజమాన్యం "నీకు వయసైపోయింది, అందుకే తీసేస్తున్నాం" అని కాగితం మీద రాయదు. నోటితోనే అంటుంది. జూట్ మిల్లులో అయితే "పెదనాన్నా, ఇంకెన్నాళ్లీ కష్టం, ఇంటికాడ కూకోక" అని సూపర్‌వైజరు నవ్వుతూ అంటాడు. పైడిభీమవరం ఫార్మా కంపెనీలో అయితే పదిహేనేళ్లుగా డే షిఫ్టు చేస్తున్న ఆపరేటర్‌ని ఉన్నట్టుండి నైట్ షిఫ్టుకి మార్చేస్తారు. పలాస జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే అమ్మకి చెయ్యి నెమ్మదించిందని రోజు విడిచి రోజు పని ఇస్తారు. అన్నింటి లెక్కా ఒకటే, మీ అంతట మీరే మానేయాలని.

ముందు చేదు నిజం చెప్పుకుందాం. ప్రైవేటు ఉద్యోగాల్లో వయసును బట్టి వివక్ష చూపకూడదని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగం 15వ అధికరణలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి గానీ వయసు లేదు. అందరికీ సమానత్వం చెప్పే 14, 16 అధికరణలు ప్రభుత్వం మీద, ప్రభుత్వ సంస్థల మీద పనిచేస్తాయి. ప్రైవేటు మిల్లు మీద నేరుగా పనిచేయవు. అమెరికాలో 40 దాటినవారికి 1967 నుంచే ఒక చట్టం ఉంది. అక్కడున్న పిల్లలు వాట్సాప్‌లో పంపే వీడియోలు ఎక్కువగా దాని గురించే. అవి చూసి లేబర్ ఆఫీసుకి వెళ్లి "వయసు వివక్ష" అని అర్జీ రాస్తే గుమస్తా కూడా పట్టించుకోడు. "35 ఏళ్లలోపు వారే కావలెను" అన్న ప్రైవేటు ప్రకటన మీద కూడా మీరు చేయగలిగింది పెద్దగా లేదు. ఆ పోరాటానికి టైము వృథా చేసుకోవద్దు.

అయితే చేతిలో ఏమీ లేదనుకోకండి. మన చట్టం వయసుకి రక్షణ ఇవ్వకపోయినా సర్వీసుకి ఇస్తుంది. ఎక్కువ కాలం పనిచేసినవాణ్ని తీసేయడం కష్టంగానూ ఖర్చుగానూ ఉండేలా నియమాలున్నాయి. పెద్ద వయసు కార్మికుడి దగ్గర ఉండేది ఆ సర్వీసే కదా. కాబట్టి మీ కేసును వయసు మీద కాకుండా సర్వీసు మీద, పుట్టిన తేదీ మీద, నోటీసు మీద నిలబెట్టాలి. కింద చెప్పేదంతా అందుకే.

ఇంకొక మాట. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు (పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన కొత్త చట్టాలు) అమల్లోకి వచ్చాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. అంతకుముందు తీసేసిన వాళ్ల కేసులకు పాత చట్టాన్నే చూడాలి. సెక్షన్ల నంబర్లు మారాయి గానీ, మనకు కావలసిన మూల నియమాలు చాలావరకు అలాగే ఉన్నాయి.

మొదటి అడుగు: సంతకం పెట్టకండి

ఈ మార్గదర్శిలో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది గుర్తుపెట్టుకోండి. హెచ్‌ఆర్ గదిలోకి పిలిచి, టీ ఇచ్చి, ముందే టైపు చేసిన రాజీనామా కాగితం ముందుపెడతారు. "సంతకం పెడితే డబ్బులు వెంటనే వస్తాయి, లేకపోతే కోర్టుల చుట్టూ తిరగాలి" అంటారు. రాజీనామా మీద సంతకం పడిందంటే చట్టం దృష్టిలో మిమ్మల్ని ఎవరూ తీసేయలేదు, మీరే వెళ్లిపోయారు. అప్పుడు నోటీసు జీతం అడగలేరు, తొలగింపు పరిహారం అడగలేరు, సీనియారిటీ మాట ఎత్తలేరు. స్వచ్ఛంద విరమణ పథకం కాగితానికి కూడా ఇదే వర్తిస్తుంది.

ఆ గదిలో మీరు అనాల్సింది ఒక్క మాటే: "ఇంటికి పట్టుకెళ్లి చదివించుకుని చెప్తాను." కాపీ ఇవ్వనంటే, ఎందుకు ఇవ్వడం లేదో అర్థం చేసుకోండి. తెల్ల కాగితం మీద, ఇంగ్లీషు కాగితం మీద, తేదీ లేని కాగితం మీద సంతకం, వేలిముద్ర వేయొద్దు. గొడవ పడాల్సిన పని లేదు. మర్యాదగా లేచి వచ్చి మరుసటి రోజు మామూలుగా డ్యూటీకి వెళ్లండి.

డ్యూటీకి వెళ్లడం మాత్రం మానొద్దు. అలిగి ఇంట్లో కూర్చుంటే "తనే మానేశాడు, గైర్హాజరు" అని రాసుకుంటారు. గేటు దగ్గర ఆపితే ఆ రోజే, ఆ గేటు దగ్గరే, తోటివాళ్లు చూస్తుండగా ఫోన్‌లో ఫోటో తీసుకోండి. సాయంత్రంలోగా మేనేజరుకి వాట్సాప్ మెసేజో మెయిలో పెట్టండి: "ఈ రోజు ఉదయం ఆరు గంటల షిఫ్టుకు వచ్చాను, సెక్యూరిటీ వారు లోపలికి పంపలేదు."

ఇప్పటికే సంతకం పెట్టేశారా? రోజులు గడవకముందే, బలవంతం మీద పెట్టానని, వెనక్కి తీసుకుంటున్నానని లెటరు పంపండి. వారంలో పంపిన లెటరుకి ఉన్న బలం, పరిహారం డబ్బులు తీసుకుని ఆరు నెలల తర్వాత పంపిన లెటరుకి ఉండదు.

రెండో అడుగు: మీ రిటైర్మెంట్ వయసు ఎక్కడ రాసి ఉందో కనుక్కోండి

"58 నిండితే వెళ్లిపోవాలి, రూలు" అని అందరూ అంటారు. ఏ రూలు? ప్రైవేటు రంగం మొత్తానికి ఒకే రిటైర్మెంట్ వయసు పెట్టిన చట్టం లేదు. మీ వయసు నాలుగు చోట్లలో ఏదో ఒకచోట ఉండాలి: అపాయింట్‌మెంట్ ఆర్డరు, కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లు (కంపెనీ ఉద్యోగ నిబంధనలు), యూనియన్‌తో చేసుకున్న ఒప్పందం, లేదా కార్మిక కోర్టు అవార్డు (తీర్పు). కేంద్ర నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో ఒప్పందం ఏదీ లేకపోతే 58 అని ఉంది. ఒప్పందంలో 60 అని ఉంటే 60 వరకూ మీకు హక్కుంది. జూట్ మిల్లుల్లో, ఫెర్రో అల్లాయ్స్‌లో పాత యూనియన్ ఒప్పందాలుంటాయి. యూనియన్ ఆఫీసు బీరువా తెరిపించి చూడండి.

ఎక్కడా రాసి లేదంటే? అది మీకే మంచిది. రిటైర్మెంట్ వయసు నిబంధన ముందే ఉంటేనే, ఆ వయసు రాగానే పంపడం రిటైర్మెంట్ అవుతుంది. నిబంధన లేకుండా పంపితే అది తొలగింపే, పరిహారం కట్టాలని వాదించవచ్చు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు 2022 జనవరి 1 నుంచి 62 కదా, మాకు ఎందుకు కాదు అని చాలామంది అడుగుతారు. ఆ చట్టం ప్రభుత్వోద్యోగులది, ప్రైవేటు కంపెనీకి వర్తించదు. ప్రభుత్వం తలచుకుంటే ఆ వయసు కిందికీ దిగుతుంది. 1983లో మన రాష్ట్రంలో 58 నుంచి 55కి తగ్గించినప్పుడు ఉద్యోగులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1985లో కోర్టు ప్రభుత్వానిదే సరి అంది.

పీఎఫ్ పేరుతో చెప్పే అబద్ధం ఇంకొకటి ఉంది: "58కి పీఎఫ్ ఆగిపోతుంది, ఇంక ఉద్యోగంలో ఉంచుకోలేం." 58కి ఆగేది పెన్షన్ పథకానికి వెళ్లే భాగం మాత్రమే. పని చేస్తున్నంత కాలం పీఎఫ్ కట్టొచ్చు. అంతవరకు పెన్షన్‌కి వెళ్తున్న యాజమాన్యం వాటా కూడా అప్పటినుంచి మీ పీఎఫ్ ఖాతాలోకే వస్తుంది. 58కి పెన్షన్ మొదలవడం వేరు, ఉద్యోగం ముగియడం వేరు.

మూడో అడుగు: పుట్టిన తేదీ

మన జిల్లాల్లో సగం గొడవలు ఇక్కడే పుడతాయి, అందుకే కాస్త ఆగి చెప్తాను.

ఇప్పుడు యాభైల్లో ఉన్నవాళ్లలో చాలామంది ఇంటి దగ్గర పుట్టినవాళ్లే. పంచాయతీ రిజిస్టరులో పేరు ఎక్కలేదు. బడిలో వేసిన రోజున మాస్టారు చూపుకి ఆరేళ్లు ఉన్నాయనుకుని జూలై 1 అనో, జూన్ 1 అనో రాసేశారు. తర్వాత ఆధార్ వచ్చింది. చేతిలో రుజువు లేనివాళ్లను "వయసెంత?" అని అడిగి ఆ లెక్కన జనవరి 1 వేసేశారు. ఇప్పుడు బడి కాగితం ఒకటి చెప్తుంది, ఆధార్ ఒకటి చెప్తుంది, కంపెనీ రిజిస్టరు ఇంకొకటి చెప్తుంది. ఇందులో ఏది మీ వయసు ఎక్కువ చూపిస్తుందో దాన్నే యాజమాన్యం పట్టుకుంటుంది.

ఈ మధ్య ఎక్కువగా జరుగుతున్నది ఇలా: ఇరవై ఏళ్ల క్రితం చేరినప్పుడు రిజిస్టరులో 1970 అని రాశారు. పీఎఫ్ కేవైసీ కోసం ఆధార్ అడిగారు, అందులో 1967 ఉంది. వెంటనే మూడేళ్ల ముందే రిటైర్మెంట్ లెటరు వచ్చింది. అప్పుడు మీరు చెప్పాల్సినవి ఇవి. ఆధార్ మనిషిని గుర్తించడానికే గానీ పుట్టిన తేదీకి రుజువు కాదని దాన్ని ఇచ్చే సంస్థే చెప్పింది. 2024 జనవరిలో పీఎఫ్ సంస్థ పుట్టిన తేదీ రుజువుల జాబితాలోంచి ఆధార్‌ను తీసేసింది. 2024 అక్టోబరులో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు వయసు తేల్చడానికి ఆధార్ కాదు, స్కూలు సర్టిఫికెట్ చూడాలంది. ఈ మూడూ మీ లెటరులో రాయండి.

రుజువులు ఎక్కడ దొరుకుతాయి? పదో తరగతి మెమో ఉంటే దాన్ని మించింది లేదు. చదువు మధ్యలో ఆపేసినవాళ్లు ఆ బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు చూపించి స్టడీ సర్టిఫికెట్ అడగాలి. ఐదో తరగతి వరకు చదివినా ఆ రిజిస్టరులో పేరుంటుంది. చేరిన కొత్తలో నింపిన పీఎఫ్ నామినేషన్ ఫారం, ఈఎస్ఐ డిక్లరేషన్, పాత ఎల్‌ఐసీ పాలసీ కూడా పనికొస్తాయి. గొడవ పుట్టకముందు రాసిన కాగితానికే విలువ. నిన్న నోటరీ చేయించిన అఫిడవిట్‌ని ఎవరూ నమ్మరు.

తేదీ సరిచేయించుకోవాలంటే ఇప్పుడే, ఉద్యోగం ఇంకా చాలా ఏళ్లు ఉండగానే చేయించుకోండి. రిటైర్మెంట్ దగ్గరపడ్డాక "నా వయసు తప్పు రాశారు" అని వచ్చేవాళ్లను కోర్టులు మొదటినుంచీ అనుమానంగానే చూస్తాయి. రెండేళ్లు తగ్గించుకుందామని దొంగ సర్టిఫికెట్ తేవడం మరీ ప్రమాదం. అది దుష్ప్రవర్తన కింద డిస్మిస్ చేయడానికి మీరే ఇచ్చిన కారణమవుతుంది.

నాలుగో అడుగు: కాగితాల సంచి

పే స్లిప్పులు, అపాయింట్‌మెంట్ ఆర్డరు, ఐడీ కార్డు రెండు వైపులా ఫోటో, బ్యాంకు పాస్‌బుక్‌లో జీతం పడిన పేజీలు, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు, ఈఎస్ఐ కార్డు, పాత ప్రమోషన్ లేదా మెచ్చుకోలు కాగితాలు. ఇవన్నీ ఉద్యోగంలో ఉండగానే ఇంటికి చేర్చుకోండి, గేటు మూసేశాక ఏవీ దొరకవు. మీ కేటగిరీలో మీ తర్వాత ఎవరెవరు చేరారో, ఏ ఏడాదిలో చేరారో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. దీని అవసరం ఏడో అడుగులో వస్తుంది. "ముసలోడు" అన్న మాట ఎవరు, ఎప్పుడు, ఎవరి ఎదుట అన్నారో కూడా తేదీ వేసి రాయండి. ఒంటరిగా అది కేసు గెలిపించదు గానీ, తొలగింపు వెనక దురుద్దేశం చూపడానికి పనికొస్తుంది.

పే స్లిప్పే ఇవ్వని చోట, కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాళ్లకి, పీఎఫ్ పాస్‌బుక్కే పెద్ద దిక్కు. అందులో నెలనెలా ఎవరు కట్టారో కనిపిస్తుంది.

ఐదో అడుగు: మీరు ఏ గుమ్మం తొక్కాలి?

చేతిపని, నైపుణ్య పని, టెక్నికల్, క్లరికల్ పని చేసేవాళ్లందరూ కోడ్ ప్రకారం వర్కర్లే, జీతం ఎంతైనా సరే. సూపర్‌వైజరు పని చేస్తూ నెలకు 18,000 రూపాయలు దాటితేనో, మేనేజరు అధికారాలుంటేనో బయటికి పోతారు. ఐడీ కార్డు మీద "అసిస్టెంట్ మేనేజర్" అని ముద్రించినంత మాత్రాన మేనేజరు అయిపోరు. సెలవులిచ్చే, మనుషుల్ని తీసే అధికారం ఉందా, రోజంతా మెషీను దగ్గరే నిలబడుతున్నారా అన్నదే చూస్తారు.

ఫ్యాక్టరీ, మిల్లు అయితే శ్రీకాకుళం, విజయనగరాల్లోని రాష్ట్ర కార్మిక శాఖ ఆఫీసు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కాబట్టి రాజాం వాళ్లు ఇప్పుడు విజయనగరం వైపు, పాలకొండ వాళ్లు పార్వతీపురం మన్యం వైపు చూడాలి. టెక్కలి గ్రానైట్ క్వారీలు, చీపురుపల్లి చుట్టుపక్కల మాంగనీస్ గనులు కేంద్రం పరిధిలోవి. వాళ్లకి విశాఖపట్నంలోని కేంద్ర కార్మిక కమిషనరు ఆఫీసే దారి. ఈ తేడా తెలియక నెలల తరబడి తప్పు ఆఫీసు చుట్టూ తిరిగే క్వారీ కార్మికులున్నారు.

బట్టల షాపు, హోటలు, ప్రైవేటు ఆఫీసు అయితే ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988 ఉంది. ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తీయకూడదు. తీస్తే కార్మిక శాఖలోనే అప్పీలు. ప్రైవేటు బడి టీచర్లను సుప్రీంకోర్టు వర్కర్లుగా ఒప్పుకోలేదు గానీ, విచారణ లేకుండా తీసేయకుండా 1982 నాటి రాష్ట్ర విద్యా చట్టం అడ్డుంది. గ్రాట్యుటీ (సర్వీసు ఏళ్ల లెక్కన ఉద్యోగం చివర్లో ఇచ్చే మొత్తం) టీచర్లకీ వస్తుంది.

ఆరో అడుగు: మీకు రావలసింది మీరే లెక్కవేసుకోండి

లెక్క తెలియకుండా చర్చలకి వెళ్తే వాళ్లు చెప్పిందే పెద్ద మొత్తంలా కనిపిస్తుంది.

ఒక స్పిన్నింగ్ కార్మికుడి ఉదాహరణ వేసుకుందాం. వయసు 53. బేసిక్, డీఏ కలిపి 15,000. సర్వీసు 27 ఏళ్ల 8 నెలలు. ఆరు నెలలు దాటింది కాబట్టి 28 ఏళ్లుగా లెక్క.

గ్రాట్యుటీ: నెల జీతాన్ని 15తో హెచ్చించి 26తో భాగించి ఏళ్లతో హెచ్చించాలి. 15,000 × 15 ÷ 26 × 28 = సుమారు 2,42,300 రూపాయలు. ఐదేళ్ల సర్వీసు ఉంటే రాజీనామా చేసినా, రిటైరైనా, తీసేసినా ఇది రావాల్సిందే. గరిష్ఠం 20 లక్షలు. 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీతో. నష్టం కలిగించాడనో, హింసకు దిగాడనో, నైతిక నేరం చేశాడనో రుజువైతే తప్ప ఆపే వీల్లేదు. "పనిలో నెమ్మది" అన్నది ఆ జాబితాలో లేదు.

తొలగింపు పరిహారం: ఏడాదికి 15 రోజుల సగటు జీతం. ఇక్కడ 26తో భాగించే లెక్క కాదు, నెలకి 30 రోజులే. అంటే ఏడాదికి 7,500, 28 ఏళ్లకి 2,10,000. ఇది గ్రాట్యుటీకి అదనం. "గ్రాట్యుటీ ఇస్తున్నాం కదా" అని దీన్ని అందులో కలిపేయడం తరచుగా జరిగే మోసం. పైన నెల నోటీసు, లేదా నెల జీతం. కొత్త కోడ్ ప్రకారం తొలగించిన ప్రతి కార్మికుడి పేర 15 రోజుల జీతం రీస్కిల్లింగ్ నిధికి (కొత్త పని నేర్చుకోవడానికి పెట్టిన నిధి) యాజమాన్యం కట్టాలి, అది 45 రోజుల్లో మీ ఖాతాకి చేరాలి. మిగిలిన జీతం బకాయిలు పని ఆగిన రెండు పని దినాల్లో ఇవ్వాలి. పరిహారం హక్కు రావాలంటే గత 12 నెలల్లో 240 రోజుల పని ఉండాలి. అందుకే 230 రోజుల దగ్గర బ్రేక్ ఇచ్చే అలవాటు కొన్నిచోట్ల ఉంది.

ఇప్పుడు మూడో అంకె వేయండి, దీన్ని ఎవరూ వేయరు. 58 దాకా ఇంకా ఐదేళ్లు ఉంది. నెలకు 15,000 చొప్పున తొమ్మిది లక్షల జీతం పోతోంది. స్వచ్ఛంద విరమణ కింద "రెండు లక్షలు ఎక్కువిస్తాం" అన్నప్పుడు దాన్ని ఈ తొమ్మిది లక్షల పక్కన పెట్టి చూడండి. కంపెనీ నిజంగానే మూతపడే స్థితిలో ఉంటే తక్కువకైనా తీసుకోవడం తెలివైన పనే కావచ్చు. లాభాల్లో ఉండి, మీ చోట పాతికేళ్ల కుర్రాణ్ని ఏజెన్సీ ద్వారా తెచ్చుకోవడానికే అయితే, నా మాటగా మొదటి రేటుకి ఒప్పుకోవద్దు.

"పర్మినెంటు నుంచి మానేసి ఫిక్స్‌డ్ టర్మ్‌లో చేరండి, జీతం అదే" అనే ప్రతిపాదన, అంటే గడువు పెట్టిన ఉద్యోగం, కూడా వస్తోంది. ఫిక్స్‌డ్ టర్మ్ గడువు ముగిశాక రెన్యువల్ చేయకపోతే అది తొలగింపు కిందికి రాదు. ఇరవై ఏళ్ల సీనియారిటీని ఒక్క సంతకంతో సున్నా చేసుకున్నట్టే.

వయసైపోయిందని కూలి తగ్గిస్తే? కనీస వేతనంలో ముసలివాళ్లకి వేరే రేటు అంటూ ఏదీ లేదు. పీస్ రేటు మీద జీడి పిక్కలు కొట్టే వాళ్లకి కూడా ఇదే. జీతం తగ్గించడం, షిఫ్టుల పద్ధతి మార్చడం లాంటి వాటికి ముందు 21 రోజుల నోటీసు ఇవ్వాలి.

ఏడో అడుగు: లెటరు

పొడుగ్గా వద్దు, తిట్లు అసలే వద్దు. ఈ నమూనా చాలు:

"మేనేజరు గారికి. నేను ఫలానా తేదీ నుంచి ఫలానా విభాగంలో ఫలానా టోకెన్ నంబరుతో పనిచేస్తున్నాను. ఫలానా తేదీన నన్ను పనిలోకి రానివ్వలేదు. నాకు లిఖితపూర్వక నోటీసు గానీ పరిహారం గానీ ఇవ్వలేదు. నేను రాజీనామా చేయలేదు, పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను. నా కేటగిరీలో నా తర్వాత చేరినవారు పనిలో కొనసాగుతున్నారు. నా రిటైర్మెంట్ వయసు, దానికి ఆధారమైన నిబంధన, మీ రికార్డులోని నా పుట్టిన తేదీ రాతపూర్వకంగా తెలియజేయగలరు. నన్ను తిరిగి పనిలోకి తీసుకోవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో అసలు పట్టు "నా తర్వాత చేరినవారు" అన్న వాక్యంలో ఉంది. మనుషుల్ని తగ్గించాల్సి వస్తే, ఆ కేటగిరీలో చివర చేరినవాణ్ని ముందు తీయాలన్నది పాత చట్టంలోనూ కొత్త కోడ్‌లోనూ ఉన్న నియమం. అలా చేయకపోతే కారణం రాసి పెట్టాలి. చివర చేరినవాళ్లు సాధారణంగా కుర్రాళ్లు. కాబట్టి వయసు అన్న మాట లేకుండానే ఈ నియమం పెద్దవాళ్లను కాపాడుతుంది. తొలగించిన ఏడాదిలోపు మళ్లీ మనుషుల్ని తీసుకుంటే ముందు తొలగించినవాళ్లకే అవకాశం ఇవ్వాలి. 300 మంది, అంతకు పైగా ఉన్న ఫ్యాక్టరీ, గని, తోటలో అయితే ప్రభుత్వ అనుమతి లేకుండా తొలగించకూడదు.

2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. కౌంటరులో స్పీడ్ పోస్టుకే రిజిస్ట్రేషన్, అందినట్టు రుజువు కావాలని అడగండి. రసీదు, లెటరు కాపీ సంచిలోకి.

ఆరోగ్యం సాకు చూపితే

పాత చట్టం ప్రకారం దీర్ఘకాలం అనారోగ్యంగా ఉన్నాడని పని మాన్పిస్తే అది తొలగింపు నిర్వచనంలోకి రాదు. యాజమాన్యాలకి ఈ సందు బాగా తెలుసు. ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుతో ఉన్న కార్మికులు ఎక్కువ కాబట్టి ఇది మనకి చాలా ముఖ్యం. కంపెనీ డాక్టరు "అన్‌ఫిట్" అన్నాడంటే ఆ సర్టిఫికెట్ కాపీ రాతపూర్వకంగా అడగండి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనో, కిడ్నీ సమస్య అయితే 2023 డిసెంబరులో మొదలైన పలాస కిడ్నీ ఆసుపత్రిలోనో చూపించుకుని, "ఈ పని చేయగలడు" లేదా "తేలిక పని చేయగలడు" అన్న అభిప్రాయం తీసుకోండి. తేలిక పని అడుగుతూ లెటరు పెట్టండి. ఈఎస్ఐ సిక్‌నెస్ బెనిఫిట్ తీసుకుంటున్న కాలంలో డిస్మిస్ చేయకూడదు. ప్రమాదం వల్లో జబ్బు వల్లో అంగవైకల్యం వచ్చి ఉద్యోగం పోతే ఐదేళ్లు నిండకపోయినా గ్రాట్యుటీ వస్తుంది.

"పని సరిగా చేయట్లేదు" అని సస్పెండ్ చేస్తే చార్జిషీటు, విచారణ తప్పవు. మొదటి 90 రోజులు సగం జీతం, ఆ తర్వాత ముప్పావు జీతం జీవన భృతిగా ఇవ్వాలి.

ఎనిమిదో అడుగు: లేబర్ ఆఫీసు, రాజీ చర్చలు

లెటరుకి పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే కార్మిక శాఖలో అర్జీ ఇవ్వండి. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చినా చివరికి ఈ ఆఫీసుకే పంపుతారు. కాకపోతే అక్కడ రసీదు నంబరు వస్తుంది, కదలిక ఉంటుంది. కొత్త కోడ్ ప్రకారం వివాదం పుట్టిన రెండేళ్లలోపు రాజీ ప్రక్రియ మొదలవ్వాలి. ఆ గడువు చూసుకుని ఆగొద్దు. నెల లోపు ఇచ్చిన అర్జీకి, ఏడాది తర్వాత ఇచ్చిన అర్జీకి అధికారి చూపులోనే తేడా ఉంటుంది.

చర్చల గదిలో లాయరు ఉండకూడదు. యూనియన్ నాయకుడు మీ తరఫున మాట్లాడొచ్చు. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, ఇఫ్టూ ఏదైనా సరే, మీ మిల్లులో ఇలాంటి కేసు మునుపు నడిపిన మనిషిని తీసుకెళ్లండి. జెండా రంగు కన్నా అనుభవం ముఖ్యం. కంపెనీ తరఫున వచ్చినవాడు రెండు వాయిదాలు టైము అడుగుతాడు, మూడోసారి "మానవతా దృష్టితో" ఒక మొత్తం చెప్తాడు. అప్పుడు ఆరో అడుగులో వేసుకున్న లెక్క బయటికి తీయండి. ఒప్పందానికి వస్తే ఏ పద్దు కింద ఎంతో విడివిడిగా రాయించండి: గ్రాట్యుటీ ఇంత, పరిహారం ఇంత, నోటీసు జీతం ఇంత. "మొత్తం కలిపి ఫుల్ అండ్ ఫైనల్" అన్న ఒక్క అంకె ఒప్పుకోవద్దు. డబ్బు బ్యాంకు ఖాతాలో పడాలి. మీరు సంతకం పెట్టే చోట మీ చేత్తో తేదీ వేయండి.

గ్రాట్యుటీ ఒక్కదాని కోసమే అయితే ఈ చర్చలన్నీ అక్కర్లేదు. కార్మిక శాఖలో గ్రాట్యుటీ అధికారి దగ్గర విడిగా దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్ద కేసు నడుస్తున్నా ఇది నడుపుకోవచ్చు.

తొమ్మిదో అడుగు: కోర్టు

రాజీ కుదరకపోతే అధికారి నివేదిక ఇస్తాడు. ఆ నివేదిక అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి (పారిశ్రామిక వివాదాలు విచారించే కోర్టు) దరఖాస్తు చేసుకోవాలని కొత్త కోడ్ చెప్తోంది. మన జిల్లాల కేసులు నడిచేది విశాఖపట్నంలో. ఛార్జీలు, కూలి పోవడం, వాయిదాలు అన్నీ ఆలోచించే దిగండి. ఏళ్లు పట్టొచ్చు. కేసు నడుస్తుండగానే మీ రిటైర్మెంట్ వయసు దాటిపోతే మళ్లీ పనిలోకి వెళ్లడం ఉండదు, కానీ ఆ తేదీ వరకు బకాయి జీతమో పరిహారమో అడిగే హక్కు పోదు.

లాయరు ఫీజు గురించి భయపడొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం పారిశ్రామిక కార్మికులు, మహిళలు, ఎస్సీ ఎస్టీలు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఫోన్ నంబరు 15100. పారిశ్రామిక కార్మికుడు ఈ సాయానికి ఆదాయ పరిమితి చూపాల్సిన పని లేదు.

ఈలోగా ఇల్లు గడవడానికి

జీతం ఆగగానే మొదట వచ్చే ఆలోచన పెన్షన్. పదేళ్ల సర్వీసు ఉంటే 50 దాటాక పీఎఫ్ పెన్షన్ ముందే తీసుకోవచ్చు. కానీ 58కి ఎన్నేళ్లు తక్కువైతే ఏడాదికి 4 శాతం చొప్పున జీవితాంతం కోత పడుతుంది. 53లో తీసుకుంటే 20 శాతం పోయినట్టే. వేరే దారి ఉంటే 58 దాకా ఆగండి. 60 దాకా వాయిదా వేస్తే ఏడాదికి 4 శాతం పెరుగుతుంది కూడా.

ఈఎస్ఐలో కనీసం ఐదేళ్లు ఉండి రిటైరైనవాళ్లకి ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగుతుంది. దీన్ని ఏ హెచ్‌ఆర్ వాడూ చెప్పడు. రిటైర్మెంట్ లెటరు కాపీ పట్టుకుని ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసుకి మీరే వెళ్లి అడగాలి. రాజీనామా అని రాసిన కాగితం పట్టుకెళ్తే అక్కడా చిక్కే.